బావ పెళ్ళి సూటు మళ్ళీ ఫ్యాషన్‌లోకి వచ్చిన సంగతి

కోరమండల్ గని కార్మికుల లైన్లలోని మా రూతక్కకు,

బెంగళూరు నుంచి తమ్ముడు రత్నం వందనాలతో రాసుకుంటున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నా ఆరోగ్యం సంతృప్తికరంగా ఉంది. మీ అందరి క్షేమం అడగడం మర్యాద. బావ దగ్గు సంగతి తెలిసి కూడా అడగడం మర్యాద అవునో కాదో తేల్చుకోలేకపోయాను గనక, అడిగినట్టుగానే భావించగలవు.

ఇక్కడ చలి మొదలైంది. దుప్పటి ఉంది, దిగులుపడవద్దు. మెస్సులో సాంబారుకు బెల్లం వేస్తారు. ఈ విషయమై నేను చేసిన ఫిర్యాదు పరిశీలనలో ఉంది. గదిలో ఒక్కణ్ణే ఉంటాను కాబట్టి తగాదాలు లేవు. ఆదివారాలు కొంచెం పొడుగ్గా ఉంటాయి, అంతే.

ఉద్యోగం బాగానే ఉంది. గని మూసేదాకా టైమాఫీసులో కూర్చుని, కిందికి దిగినవాళ్ళ పేర్లు, పైకి వచ్చినవాళ్ళ పేర్లు రాసుకున్న నా ఎం.ఏ. చదువు ఇప్పుడు రెడీమేడ్ షాపులో ట్రయల్ రూము దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళినవాళ్ళను, బయటికి వచ్చినవాళ్ళను చూసుకుంటోంది. తేడా ఒక్కటే. ఇక్కడ అందరూ బయటికి వస్తారు.

ఈ మధ్య షాపులో ఒక పరిణామం సంభవించింది. మన పడుచు వయసులో వీధులు ఊడ్చిన బెల్‌బాటం తిరిగి విధుల్లో చేరింది. పేరు మార్చుకుని బూట్‌కట్ అయింది. వెడల్పు కొంత తగ్గించుకుంది, మనలాగే. పెద్ద కాలరు చొక్కాలు కూడా దానితోపాటు వచ్చాయి. మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటుకు చిరగనిదానికన్నా గిరాకీ ఎక్కువ. గని షాఫ్టు నుంచి పైకొచ్చినవాడి ప్యాంటు అచ్చం అలాగే ఉండేది, బురద తప్ప. గని మూసినప్పుడు గేటు ముందు ధర్నాకు కూర్చున్నవాళ్ళలో ఒక్కరికైనా ఆ ప్యాంట్లు దాచుకోవాలని తోచలేదు.

ఇక నువ్వు ఆదుర్దాగా అడిగిన విషయం. బావ పెళ్ళి సూటు పెట్టెలో కనబడలేదనీ, ఇస్త్రీకి ఇచ్చానని ఆయనకు అబద్ధం చెప్పాననీ రాశావు. సూటు దొరికింది.

మన లైన్లలో మగవాణ్ణి పెళ్ళి సూటులోనే మట్టికి అప్పగిస్తాం. బతికినన్నాళ్ళు చిరిగిన ప్యాంటుతో భూమిలోకి దిగినవాడు ఆఖరుసారి కోటు తొడుక్కుని దిగాలని, ఏ ఆఫీసు ఉత్తర్వూ లేకుండా మనవాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని డాక్టరు చెప్పిన రోజే, బావ ఇంటికి వచ్చి సూటు ఎండలో వెయ్యమన్నాడని నువ్వే చెప్పావు.

పోయిన శనివారం మన అనిల్ షాపుకు వచ్చాడు. నీ కొడుకు ఎదురుగా నిలబడితే నేను ముందు గుర్తుపట్టింది ప్యాంటును. చాక్లెట్ రంగు టెరికాట్, నేల తుడిచే అంచులు, ఏనుగు చెవులంత కోటు కాలరు. ఇక్కడి తన కాలేజీలో పాతకాలం బట్టల పోటీ పెడితే వీడికే బహుమతి వచ్చిందట. ఎక్కడ కొన్నావని స్నేహితులంతా అడిగారట.

“ఎట్లుండాది మామా? నీ కాలం నాటిదే కదా?”

“ఎవర్ని అడిగి తెచ్చినావురా?”

“ఎవుర్ని అడగల్ల? పెట్టెలో కలరా ఉండల మధ్య పడుండాది. నాయన ఇంగ సూటేసుకోని యాడికి పోతాడు?”

ఆయన ఎక్కడికి పోతాడో చెప్పాను. షాపులో కస్టమర్లతో మాట్లాడే గొంతుతోనే చెప్పాను. వాడికి నిజంగానే తెలియదు. చిన్నప్పుడు వాణ్ణి చావు ఇళ్ళకు పంపకుండా పెంచావు. అందులో నీ తప్పు లేదు, అప్పట్లో మన లైన్లలో చావులు మరీ ఎక్కువ.

వాడు ట్రయల్ రూములోకి పోయి గడియ పెట్టుకున్నాడు. కస్టమర్లు ఎదురుచూస్తుంటే, లోపల మరమ్మతు జరుగుతోందని చెప్పాను. చాలాసేపటికి, సంచిలో తెచ్చుకున్న మామూలు బట్టలతో తలుపు తీసి, సూటు మడిచి నా చేతిలో పెట్టాడు. పోటీ కోసం ఒక దర్జీ చేత నడుము దగ్గరా, ఛాతీ దగ్గరా తన కొలతకు చిన్నది చేయించాడట. మిగిలిన గుడ్డ ఆ దర్జీ కోసి పారేశాడట.

ఇద్దరం ఆ దర్జీ దగ్గరికి వెళ్ళాం. ఆయన కోటును లోపలా బయటా తిప్పి చూసి, విప్పి వదులు చెయ్యడానికి లోపల గుడ్డ లేదన్నాడు. కలిసే గుడ్డ కూడా దొరకదన్నాడు. ఇది ఇప్పుడు ఫ్యాషనే కదా అని అడిగాను. ఫ్యాషన్ వచ్చిందిగానీ గుడ్డ రాలేదన్నాడు.

తిరుగు బస్సులో అనిల్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

“విప్పించే పనిలేదులే మామా. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు నాయనకి నీళ్ళు పోసి నా ప్యాంటే తొడిగినా. బెల్టు గూడా అవసరం పడలా. ఇప్పుడు నాయన కొలత నా కొలతే.”

పెళ్ళినాడు ఈ కోటుకు బొత్తాలు పట్టక చర్చి వెనకాల నేనూ అప్పటి దర్జీ చెరోవైపూ పట్టి లాగాం. బావ ఊపిరి బిగబట్టి, నవ్వు ఆపుకోలేక మళ్ళీ వదిలేశాడు.

సూటును వాడి చేతికే ఇచ్చి పంపిస్తున్నాను. నేనే ఇస్త్రీ చేశాను గనక, బావతో నువ్వు చెప్పినది ఇక అబద్ధం కాదు. వాణ్ణి తిట్టవద్దు. ఆ పని షాపులోనే పూర్తయింది.

ఒక మనవి అక్కా. సూటును మళ్ళీ పెట్టెలో పెట్టవద్దు. వచ్చే ఆదివారం బావకు తొడిగి, వాకిట్లో ఎండ తగిలేచోట కుర్చీ వేసి కూర్చోబెట్టు. దారిన పోయే కుర్రవాళ్ళు ఎవరూ నవ్వరు, వాళ్ళ ప్యాంట్లూ అలాగే ఉన్నాయి. ఎక్కడ కుట్టించారని ఆగి అడుగుతారు. ఆయన చెప్పగలిగినంత చెప్పనివ్వు.

పెద్దమ్మకూ పాస్టరుగారికీ నా వందనాలు. ప్రార్థనలో నా పేరు కూడా కలుపుకో. బావ ఆశీర్వాదం కోరుతున్నానని చెప్పు. నోటితో వద్దు, చెయ్యి ఎత్తితే చాలు.

ఇట్లు
నీ విధేయుడైన తమ్ముడు
రత్నం