తవుడుకు కొన్న పేరు

బరంపురం

దుర్గాప్రసాద్ బావగారికి నమస్కారం.

బారసాలలో మన మనవరాలికి పోయిన మా ఆవిడ పేరు తవిటమ్మ అని పెడదామంటే, "ఏటి బావగారూ, పేరు పిల్లకా, గేదెకా?" అని అందరినీ నవ్వించారు. ఛత్రపూర్ ప్లీడరుగారు కదా, మీకు ఈ సంగతి తెలియదు కాబోలు. పుట్టినవాళ్లు దక్కని ఇంట్లో బిడ్డను చేటలో పెట్టి పొరుగావిడకిచ్చి, గుప్పెడు తవుడుకు తిరిగి కొనుక్కునేవారు. అంత చవక బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని ఆశ. ఒడియావాళ్లు భికారి అని పెట్టుకునేదీ ఈ భయంతోనే. మా ఆవిడ అలా దక్కిన పిల్ల.

మీరు ఫోనులో వెతికిన త్రియాన్షికి నా నిఘంటువుల్లో ఏ భాషలోనూ అర్థం దొరకలేదు. అయినా ఆ పేరే ఉండనివ్వండి. ఇద్దరిని పోగొట్టుకున్నాక మన పిల్లలకు పుట్టింది ఈ పాప. చెవిలో ఒక్కసారి తవిటమ్మా అని పిలుద్దాం.

ఆదివారం వస్తాను. చేట మీ ఇంట్లో ఉంటుంది కదా, తవుడు నేను తెస్తాను.

మీ బావ