ఉప్పునీళ్ళలో విరిగిన జెల్

మంగళవారం, కుడతిని

ఇవాళ కూడా విరిగిపోయింది. పాల ప్రోటీన్‌తో నేను చేసిన మైక్రోజెల్ అంటే మందును లోపల దాచుకుని రక్తంలోకి మోసుకెళ్ళాల్సిన పూసలు, కంటికి ఆననంత చిన్నవి. రక్తంలో ఉండేంత ఉప్పు కలిపిన నీళ్ళలో వేయగానే ఒకదానికొకటి అతుక్కుని, తెల్లటి తునకలై అడుగుకు దిగాయి.

మొన్నటిదాకా రెండేళ్ళు ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్‌లోనే చూస్తూ వచ్చాను. అందులో దేనికది విడిగా, ముచ్చటగా ఉండేవి. ఉప్పు పరీక్ష ముందే చేయమని నా పీహెచ్‌డీ గైడ్ మేడమ్ చెప్పారు. భయపడి వాయిదా వేసింది నేనే.

ఇంటికొచ్చి చెబితే, అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ అంది: "పాలు ఇరిగితే బెల్లమేసి కోవా అన్నా చేస్తాం. నీ దాంతో ఏం చేసేకి రాదా?"

"రాదమ్మా. నరంలో అడ్డం పడితే మనిషి పోతాడు."

అమ్మ చేతులు ఆగాయి. "మరి రెండేండ్లు ఏం చేస్తాంటివే?"

నేనూ ఓ పిడికెడు మిరపకాయలు తీసుకుని తొడిమలు తీయసాగాను.

రేపు మేడమ్‌కు ఫోటోలు చూపించాలి. ఉప్పు లేని నీళ్ళలో తీసిన పాతవి ఉన్నాయి, చాలా బాగున్నాయి. ఏ నీళ్ళలో తీశావని ఆమె అడగకపోతే...

అడగకపోయినా, ఎవరి ఒంట్లోనూ డిస్టిల్డ్ వాటర్ పారదు.