మోకాలి లెక్క

పామర్రు,
20-5-1946

చి. సుందరికి నాయనమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ నా కుడి మోకాలు తప్ప అందరం క్షేమం.

కట్టు విప్పి నెలయింది. కాలు ఇంకా మడత పడడం లేదు. నువ్వు పంపిన కాగితం చదివాను. మంచం మీద పడుకుని పూటకు ఇరవైసార్లు కాలు గాలిలో ఆడించమన్నావు. పనీపాటా లేకుండా కాళ్లాడించిన మనిషి మన ఇంట్లో మీ తాత ఒక్కడే. ఆయన సంగతి నీకు తెలుసు.

మోకాలు మడవాలి, అంతేనా? ఎలా మడిచినా ఒకటేనా? జవాబు రాయి.

ఇట్లు,
చౌడేశ్వరమ్మ

తా.క. ఆ కాగితం మీద నువ్వు గీసిన బొమ్మలో మనిషికి రెండూ ఎడమకాళ్లే ఉన్నాయి. ఇదే చూపించి పాఠం చెబుతున్నావా?


గవర్నరుపేట, బెజవాడ,
23-5-1946

పూజ్యులైన నాయనమ్మగారికి సుందరి నమస్కారాలు.

ఎలా మడిచినా సరే. రోజుకు ఎన్నిసార్లు మడిచారో మాత్రం రాసి పంపండి. దెబ్బ తగిలిన కాళ్లకూ చేతులకూ మళ్లీ కదలిక నేర్పే తరగతి మా నర్సుల బడిలో నేనే మొదలుపెట్టాను కదా. దానికి ఏడాది నిండుతోంది. ఉంచాలో ఎత్తెయ్యాలో మా మేట్రన్ మార్తగారు ఈ నెలలోనే తేలుస్తారు. ఏడాదిలో ఏం సాధించావో రుజువుతో చూపించమన్నారు. నా రుజువు మీ మోకాలే.

మీ మనవరాలు,
బాలత్రిపురసుందరి

తా.క. రెండోది కుడికాలే. బొటనవేలు పొరపాటున అటు పడింది.


పామర్రు,
1-6-1946

చి. సుందరికి ఆశీస్సులు.

కుడి మోకాలు మడిచిన లెక్క: సోమవారం 410. మంగళవారం 655. బుధవారం 900. గురువారం అమావాస్య, సున్న. శుక్రవారం 1,120. ఇప్పుడు పీట మీద కూర్చుని లేవగలుగుతున్నాను.

ఇట్లు,
చౌడేశ్వరమ్మ

తా.క. పూటకు ఇరవై అని మీ బడి పిల్లలకు నేర్పకు. బద్ధకం అలవాటవుతుంది.


గవర్నరుపేట, బెజవాడ,
5-6-1946

నాయనమ్మగారికి నమస్కారాలు.

కొంప మునిగింది. మీ ఉత్తరం మేట్రన్‌గారి ముందు పెట్టాను. "కాలు విరిగిన ముసలావిడ పదకొండొందల సార్లు మడిచిందా? అంకెలు నువ్వే వేసుకున్నావా, అమ్మాయ్? అమావాస్యనాడు మోకాలికి సెలవేమిటి?" అన్నారు. అంత మడిస్తే ఉన్న మోకాలూ పోతుంది. నిజం చెప్పండి, లెక్క పెంచి రాశారా? శనివారం ఆవిడే పామర్రు వస్తున్నారు. మీ లెక్క అబద్ధమైతే నా తరగతి ఆ రోజుతో సరి. మీకు దణ్ణం పెడతాను, మంచం మీద పడుకుని ఇరవైసార్లు చేసి చూపించండి, చాలు.

సుందరి

తా.క. ఆవిడతో వాదన వేసుకోకండి.


పామర్రు,
9-6-1946

చి. సుందరికి ఆశీస్సులు.

మీ మేట్రన్ వచ్చింది. పడుకోమంది. "పట్టపగలు మంచమెక్కే అలవాటు నాకు లేదు. ఇలా రండమ్మా" అని మగ్గం దగ్గరికి తీసుకెళ్లాను. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని తొక్కుడు కర్రలు తొక్కడం మొదలుపెట్టాను. కర్ర తొక్కిన ప్రతిసారీ మోకాలు మడిచి చాచాల్సిందే. ఆవిడ గడియారం పట్టుకుని పది నిమిషాలకు 238 అంది. 240 అన్నాను. ఇది వాదన కాదు, లెక్క.

"మరి అమావాస్య?" అంది. ఆ రోజు మేం మగ్గం ముట్టుకోం అని చెప్పాను. ఆ సంగతి ఆవిడకు తెలియకపోవడం తప్పు కాదు. సాలె ఇంట్లో పుట్టి నువ్వు మరిచిపోవడం తప్పు.

తరవాత తనే గుంటలో దిగింది. గంటసేపు పైకి రాలేదు. మూడుసార్లు పోగు తెంపింది. నీ తరగతి ఉంటుంది. అందులో మగ్గం గుంట కూడా తవ్విస్తుందట. నెలకు రెండు రోజులు వచ్చి నేర్పమని నన్ను అడిగింది. అమావాస్య కాకుండా చూసుకోమన్నాను. ఉపాధ్యాయుల పట్టికలో నా పేరు నీ పేరు పైన వేసింది.

ఇట్లు,
చౌడేశ్వరమ్మ

తా.క. ఆవిడకు రెండేళ్లుగా మోకాళ్ల నొప్పి. నీకు మాత్రం చెప్పవద్దంది. మంచం మీద పడుకోబెట్టి ఇరవైసార్లు ఆడించమంటావని భయమట.