యాలకుల ఊపిరి

12 జూలై 2004
తిరుమలగిరి ల్యాబ్‌లో చేరి నెలయింది. మనుషుల ఊపిరిని సంచుల్లో పట్టి మెషీన్‌కు ఇస్తే, అందులోని ఆవిర్లు గ్రాఫ్ మీద శిఖరాలుగా లేస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళకు అసిటోన్ శిఖరం ఎంత ఎత్తు లేస్తుందన్నది మా ప్రాజెక్ట్. పోల్చడానికి హెల్తీ వాలంటీర్లు కావాలన్నారు సార్. నాన్ననూ, మెట్టుగూడ రైల్వే షెడ్డులో ఆయన తోటి ఖలాసీలనూ తెస్తానన్నాను. నేను పనిచేసే చోటు నాన్న చూడాలి.

15 జూలై
అందరూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. సార్ నాన్నకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, మీరే మా హెల్తీ వాలంటీర్లు అన్నారు. బస్సులో నాన్న ఇంటిదాకా నవ్వుకుంటూనే ఉన్నాడు.

16 జూలై
గ్రాఫులన్నీ పాడు. ఎక్కడ చూసినా తెలియని శిఖరాలు. పొద్దున ఏమీ తినకుండా రమ్మని చెప్పానే! అమ్మను అడిగితే, యాలకులు తిండెట్లయితదే, సద్వుకున్నోళ్ళ ముంగట నోరు వాసనొస్తే ఇజ్జత్ పోదా అంది. అమ్మ కట్టిచ్చిన యాలకుల్ని నాన్న ల్యాబ్ గేటు దగ్గర అందరికీ పంచాడట. సార్ పగలబడి నవ్వారు. వాలంటీర్లను తెమ్మంటే బిర్యానీ తెచ్చావేంటి అనుపమా అన్నారు. అన్నీ డిలీట్ చెయ్యమన్నారు.

17 జూలై, మధ్యాహ్నం
డిలీట్ చేసేముందు నాన్నది తెరిచాను. యాలకుల శిఖరాలు ఒక పక్కన. అసిటోన్ వేరే చోట, మా పేషెంట్లలో ఎవరికీ లేనంత ఎత్తున. ఈ మధ్య చిక్కిపోయాడు. ఊరికే నీళ్ళు తాగుతున్నాడు. ఉక్క వల్ల అనుకున్నాం.
సార్‌కు చూపించాను. కంటామినేటెడ్ శాంపిల్ డేటా కాదన్నారు. రిజల్ట్ వాలంటీర్లకు చెప్పకూడదు, రూల్ అన్నారు.

18 జూలై
రూల్ గీల్ చూడలేదు. చెప్పేశాను. నాన్న నవ్వాడు. పెద్దసారే హెల్తీ అన్నడు, ఆయనకంటే నీకెక్కువ ఎరుకనా బిడ్డా అన్నాడు. ఆ మాట షెడ్డంతా చెప్పుకున్నాడట. రక్త పరీక్షకు రానంటే రానన్నాడు.

19 జూలై
మీరన్న హెల్తీ అనే మాట పట్టుకుని కూర్చున్నాడు, మీరే ఒక్క ఫోన్ చెయ్యండి సార్ అని బతిమాలాను. ల్యాబ్‌లో నాన్నలుండరమ్మా, శాంపిళ్ళే ఉంటాయి అన్నారు.

23 జూలై
నాన్న షెడ్డులో పడిపోయాడు.

26 జూలై
గండం గడిచింది. ఇక రోజూ ఇన్సులిన్ తప్పదన్నాడు డాక్టర్. సూది ఒక్కపారి షురూ అయితే బతుకంతా బంద్ గాదు, నాకొద్దు అని నాన్న మొండికేశాడు. అమ్మ ఏడ్చినా వినలేదు.
సాయంత్రం సార్ ఫోన్. నాన్న ఎలా ఉన్నాడో అడుగుతారనుకున్నాను. ఇప్పుడు పేషెంట్ గ్రూపులో పనికొస్తాడు, వార్డులోనే ఒక సంచి ఊపిరి పట్టుకురాగలవా అన్నారు.

27 జూలై
సంచి తీసుకెళ్ళలేదు. ఇన్సులిన్ వేసుకొమ్మని సార్ చెప్పారన్నాను.
నాన్న వెంటనే చెయ్యి చాపాడు.