సముద్రం దాటాల్సిన ఇల్లు

ప్రియమైన ఇస్మేనియాకి,

డిసెంబరుతో నా బడి ఉద్యోగం అయిపోతుంది. కాస్త్రో పట్నంలో అద్దెగదిలో నువ్వు, ఈ చిన్న దీవిలో నేను, ఇంకెన్నాళ్లు? యువత, స్వచ్ఛంద సేవ అంటూ మొదలుపెట్టిన పరిశోధన వదిలి నువ్వు రాలేవు. అందుకే మన ఇంటినే నీ దగ్గరికి తెస్తాను. నవ్వకు. మా తాతల కాలంలో ఇలాంటి చెక్క ఇళ్లు సముద్రం దాటలేదా? దుంగల మీద ఎడ్లతో ఒడ్డుకు లాగి, పోటు సమయానికి పడవలకు కట్టడమే. కాస్త్రో ఒడ్డున పెద్దమ్మ వదిలిపోయిన జాగా ఖాళీగానే ఉంది.

కావలసిందల్లా కుర్రకారు. వాళ్లని ఎలా పిలవాలో చెప్పు, అది నీ విద్యే కదా.

నీ
నోల్బెర్తో

ప్రియమైన నోల్బెర్తోకి,

కుర్రకారు మీద పెద్ద ఆశలు పెట్టుకోకు. ప్రశ్నల కాయితాలు ఊరూరా బళ్లకు పంపాను. 'ఊరికోసం ఏమైనా చేస్తారా?' అంటే దాదాపు అందరూ 'లేదు' అనే రాశారు.

అయినా పద్ధతిగా ప్రయత్నించు. చర్చి తలుపు మీద ప్రకటన అంటించు. పనేమిటో, ఏ రోజో స్పష్టంగా రాయి. ఎవరినీ మొహమాటపెట్టకు. ఎవరికి వారు ముందుకొస్తేనే అది సేవ. ఇక్కడ వాన, గదిలో పొయ్యి బాగానే మండుతోంది.

ముద్దులతో
ఇస్మేనియా

ప్రియమైన ఇస్మేనియా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్క పిట్ట కూడా రాలేదు. తెల్లవారకముందే గుంట తవ్వి, కాల్చిన రాళ్ల మీద ఆల్చిప్పలు, పంది మాంసం, బంగాళాదుంపలు పేర్చి ఊరంతటికీ 'కురాంతో' విందు వండాను. తినడానికి మిగిలింది నేనూ, అరువు తెచ్చిన ఎడ్లూ. ఆ ఎడ్లు నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

పాఠాలు చెప్పి పెంచిన పిల్లలే. మనసు చివుక్కుమంది.

నోల్బెర్తో

ప్రియమైన నోల్బెర్తో,

వండిందంతా దండగైందా, పాపం! నీ ఉత్తరంతో నా చివరి అధ్యాయం పూర్తయింది: యువత ఊరికి దూరమైంది. గైడుగారు మెచ్చుకున్నారు కూడా. నాకే సంతోషంగా లేదు.

ఇల్లు ఎవరికైనా అమ్మేసి ఇక్కడికి వచ్చెయ్. గది చిన్నదే, సర్దుకుందాం.

ఇస్మేనియా

ప్రియమైన నా ఇస్మేనియా,

ఇల్లు అమ్మను. ఎందుకో విను.

మా ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ యాస్నా రేవు దగ్గర నాకు అడ్డం నిలబడింది. "ఏం మాస్టారూ, మా గడప తొక్కితే మీ కాళ్లు అరిగిపోతాయా? తప్పిపోయిన గొర్రె కోసం అంటించినట్టు తలుపుకి కాయితం అంటించి పోతే మేమెట్లా వస్తాం? మా తాత ఇల్లు కదిలించినప్పుడు టోపీ చేతిలో పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడిగాడు. అడగని పనికి ఎగబడి రావడానికి మాకు సిగ్గూ శరం లేవనుకున్నారా?"

ఈ దీవిలో పుట్టినవాణ్ణి, నాకు తెలియని ఆచారమా! నీ పుస్తకాల మీద గౌరవంతో మరిచిపోయాను. ఆ రోజే టోపీ తీసి ఇంటింటికీ వెళ్లాను. ఒక్కరూ కాదనలేదు. పైగా, "ఇన్నాళ్లూ అడగలేదేం, మాస్టారూ?" అని తిట్లు.

చివరికి యాస్నా అడిగింది: "అది సరే, ఆ ఇంట్లో ఉంటారా అని ఇస్మేనియా అక్కని అడిగారా?"

తెస్తానని చెప్పానే గానీ నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మళ్లీ ఆ ఇంట్లో నాతో ఉంటావా? వద్దంటే వద్దు. ఊరందరికీ నేనే చెప్పుకుంటాను.

నీ జవాబు కోసం రేవులోనే ఉండే
నోల్బెర్తో

ప్రియాతిప్రియమైన నోల్బెర్తోకి,

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. అందుకే యువత గురించే రాశాను, ఇంటి గురించి ఒక్క ముక్క రాయలేదు. నువ్వు గమనించనూ లేదు! ఈ గది నాకు ఇష్టం. ఇక్కడ నా పొద్దు నాది. ఇల్లు వస్తే ఆ పొద్దు వంటింట్లో కలిసిపోతుందని భయపడ్డాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఉంటాను. సముద్రం వైపు గది నాది. తలుపు వేసి ఉంటే తట్టకు. పొద్దుటి వంట నీది.

చివరి అధ్యాయం గైడుగారి చేతిలోంచి వెనక్కి తీసుకున్నాను. "పిచ్చా నీకు? పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది" అన్నారాయన. పోనీ. ఆ పిల్లలు ఎందుకు రారో తేల్చడానికి బళ్లకు కాయితాలు పంపానే గానీ, ఒక్కరి ఇంటికీ వెళ్లి "నాకు సాయం చేస్తావా?" అని అడగలేదు.

శనివారం పడవకు వస్తున్నాను. నువ్వు అందరినీ అడిగేశావు, మంచిదే. కానీ అది నా ఇల్లు కూడా. కాబట్టి మళ్లీ ప్రతి గడపకూ వెళ్లి నేనూ అడుగుతాను. మొదట యాస్నా ఇంటికి.

నీ
ఇస్మేనియా