గోడౌన్ స్విచ్ మళ్లీ పడింది

జూన్ 9, సోమవారం

ఈరోజు నుంచి నా పని మూడు స్క్రీన్లు చూస్తూ కూర్చోవడం. ఆఫీసులో నెట్‌వర్క్ ఎక్కడ ఆగినా వెంటనే చెప్పే సాఫ్ట్‌వేర్ కొనాలట. మూడు రకాలు తెచ్చి వారం ట్రయల్ పెట్టారు. ఎర్ర లైటు వస్తే టైమెంత, ఏ మెషీను, నిజంగా ఆగిందా ఊరికే అరిచిందా, ఇవి నోట్‌బుక్‌లో రాయాలి. బాబాయి ఇప్పించాడు. ఎనిమిదిలో బడి మానేసినవాడికి కుర్చీ పని దొరకడమే గొప్ప. ఎవరితో మాట్లాడక్కర్లేదు, అది ఇంకా గొప్ప.

వాటి అసలు పేర్లకి నోరు తిరగదు. నేను పెట్టుకున్నవి: సింగారి (అన్నీ రంగు గ్రాఫులే), గోల (ప్రింటర్‌లో పేపర్ అయిపోయినా మెసేజ్), మొద్దు (ఒట్టి అక్షరాలు, మొహం చూడబుద్ధి కాదు).

డీఫాల్ట్ సెట్టింగులు ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నాడు మేనేజర్ సార్. ముట్టుకుంటే పోటీ న్యాయంగా ఉండదట.

12:00కి గోడౌన్ స్విచ్ (అక్కడి నెట్ వైర్లన్నీ కలిసే డబ్బా) పడింది. 3:00కి మళ్లీ. మూడింట్లోనూ ఎర్రగా వచ్చింది. రాశాను.

జూన్ 10, మంగళవారం

9:00 గోడౌన్ స్విచ్. 12:00 గోడౌన్ స్విచ్. 3:00 చెప్పక్కర్లేదు.

ప్యాకింగ్ వాళ్ల స్కానర్లన్నీ ఆ స్విచ్ మీదే. అది పడి లేచేదాకా నాలుగు నిమిషాలు పెట్టె కదలదు. గోడౌన్ సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి, మా స్కానర్లు చచ్చాయి, మీ స్క్రీన్లన్నా బతికున్నాయా బాబూ అంది. ఆఁ అన్నాను. అంతకంటే రాలేదు.

అక్కడ వైర్లన్నీ వేసింది బాబాయి. బ్రేక్ టైములో జనం తొక్కుతుంటే నీ వైర్లు కదులుతున్నాయి అన్నాడు మేనేజర్ సార్. ఆరేళ్లలో ఒక్కసారి పడలేదు సార్ అన్నాడు బాబాయి. చూసేవాడు లేక తెలీలేదయ్యా, ఇప్పుడు కళ్లొచ్చాయి మనకి అన్నాడు సార్. అయితే ఆరేళ్లుగా మేమంతా గుడ్డివాళ్లమా సార్ అని సూపర్‌వైజరమ్మ స్పీకర్‌ఫోన్‌లోంచి అడిగింది. ఆయన ఫోన్ కట్ చేశాడు.

శుక్రవారం మూడింటికి మీటింగ్‌లో నా నోట్‌బుక్ చూసి తేలుస్తాడట. ఇలాగే పడుతుంటే వైరింగ్ పని బయటివాళ్లకి ఇచ్చేస్తారు. బోర్డు మీద రాసి కూడా పెట్టాడు. అంటే బాబాయి ఇంటికి.

రాస్తున్నది నేనే. ఇదేం ఖర్మ.

జూన్ 11, బుధవారం, 12:04

పడింది. రాయలేదు.

అదే రోజు, సాయంత్రం

దొరికిపోయాను. మూడు సాఫ్ట్‌వేర్లూ పడిందంటున్నాయి, నీ నోట్‌బుక్ ఒక్కటే పడలేదంటోంది, ఏంట్రా కథ అన్నాడు సార్. నేల చూశాను. ఇక నేను ఏది రాసినా నమ్మడు. తెలివితక్కువ వెధవని.

బాబాయి పొద్దున్నించి ఇరవై నాలుగు వైర్ల చివర్లూ కోసి కొత్తవి బిగించాడు. బొటనవేలు చిట్లింది. అంత చేసినా 3:00కి పడింది. ఇంటికొస్తూ, పడితే పడిందని రాయి నాన్నా, నా కోసం అబద్ధం వద్దు అన్నాడు. చిట్లిన వేలు చూసుకుంటూ, నా చెయ్యే తప్పేమోరా అన్నాడు. తిట్టినా బాగుండేది.

జూన్ 12, గురువారం

పొద్దున ఇంట్లో ఒకేసారి పిన్ని తిన్నావా అని, చెల్లి నా చార్జర్ ఏదిరా అన్నయ్యా అని, బాబాయి టార్చ్ ఎక్కడ పెట్టావని. నాకు బుర్ర ఆగిపోయి మెట్ల మీదకొచ్చి కూర్చున్నాను. లోపల పిన్ని అంటోంది, ఒక్కొక్కళ్లం అడిగితే చెప్తాడు పాపం, ముగ్గురం మీద పడితే బిగుసుకుపోతాడు అని.

బిగుసుకుపోతాడు.

ఆఫీసుకెళ్లి చూశాను. సింగారి ఇరవై నిమిషాలకోసారి స్విచ్‌ని బతికున్నావా, ఏం చేస్తున్నావని మొత్తం విచారిస్తుంది. గోల ముప్పైకి. మొద్దు నలభై ఐదుకి. నాకు లెక్కలు రావు, అందుకే టైములు మూడు వరసల్లో రాసుకుంటూ పోయాను. మూడూ ఒకేసారి అడిగేది 9, 12, 3. రెండు కలిసినప్పుడు తట్టుకుంటోంది. మూడైతే ఆ ముసలి స్విచ్ వల్ల కావట్లేదు.

వైర్లు కాదు! మన ట్రయలే దాన్ని పడేస్తోంది!

సార్ గది దాకా నాలుగుసార్లు వెళ్లాను. నాలుగోసారి ఆయనే బయటికొచ్చి, బాత్రూమ్ అటువైపు అన్నాడు. థాంక్యూ సార్ అని అటు వెళ్లాను.

జూన్ 13, శుక్రవారం, 12:10

11:55కి సింగారినీ గోలనీ ఆపేశాను. ముట్టుకోవద్దన్నవే. 12:00కి స్విచ్ పడలేదు!

సార్ చప్పట్లు కొట్టాడు. చూశావా, గట్టిగా అడిగితే పనవుతుంది, అంటే ఇన్నాళ్లూ నిర్లక్ష్యమేగా అని బాబాయినే అన్నాడు.

నా తల గోడకేసి కొట్టుకోవాలి. రెండూ మళ్లీ ఆన్ చేశాను, మూడింటికి అందరి ముందే పడనీ అని.

2:40

టీమ్ గ్రూపులో నా మొదటి మెసేజ్. ఏడుసార్లు చెరిపి పంపాను. "3:00కి గోడౌన్ స్విచ్ పడుద్ది. వైర్లు కాదు సార్. 3 సాఫ్ట్‌వేర్లు ఒకేసారి అడుగుతున్నాయి. 12కి నేనే 2 ఆపా, సారీ."

4:30

మీటింగ్‌లో సార్ నా మెసేజ్ చదివి నవ్వుతుండగానే మూడు స్క్రీన్లూ ఎర్రబడ్డాయి. అందరూ నావైపు తిరిగారు. నువ్వే పడేశావా అన్నాడు. నేను కాదు సార్, మనం అన్నాను. గొంతు పిల్లి గొంతులా వచ్చింది. నమ్మలేదు. తనే కూర్చుని మూడింట్లోనూ చెక్ బటన్ ఒకేసారి నొక్కాడు, పడింది. రెండు నొక్కాడు, పడలేదు. మళ్లీ మూడు నొక్కాడు. స్పీకర్‌ఫోన్‌లో సూపర్‌వైజరమ్మ, ఆడుకుంటున్నారా అక్కడ అని అరిచింది.

బోర్డు మీద వైరింగ్ లైను అరచేత్తో తుడిచేశాడు. సారీ లేదు ఏమీ లేదు. అయితే ఏది కొందాం అన్నాడు, నన్నే! మొద్దు సార్, తక్కువ అడుగుతుంది, ఎప్పుడడగాలో చెప్తే వింటుంది అన్నాను. గ్రాఫులు లేవు కదరా అన్నాడు.

బాబాయి బొటనవేలి ప్లాస్టర్ గోక్కుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

జూన్ 16, సోమవారం, 12:02

సింగారినే కొన్నారు.

12:00. పచ్చ. బాబాయి గోడౌన్ నుంచి ఫోన్ చేసి పడిందా అన్నాడు. లేదన్నాను. 12:01కి మళ్లీ చేశాడు. ఇంకోసారి అడిగావంటే పడుద్ది బాబాయ్ అన్నాను.