తలకిందుల రెక్క

బావా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. పడవల పందెం మానుకోకు.

మన తొక్కుడు పడవ అడుగున నేను బిగించిన రెక్క, వేగం పుంజుకోగానే పడవని నీళ్లపైకి లేపాలి కదా. ఎన్నిసార్లు తొక్కినా లేవలేదు. "నీ బరువు వల్లే బావా" అన్నాను. రాత్రిపూట నీకు అన్నం మాన్పించమని అక్కకి ఎక్కించింది కూడా నేనే. నువ్వు నోరెత్తకుండా చిక్కి సగమయ్యావు. మొన్న తొక్కుతూ తొక్కుతూనే కళ్లు తిరిగి పడిపోయావు.

నిన్న రెక్క విప్పి చూశాను. తలకిందులుగా బిగించాను బావా. నువ్వు ఎంత గట్టిగా తొక్కితే అది పడవని అంత కిందికి లాగింది.

సరిచేసి, వెనకాల సిమెంటు బస్తా వేసుకుని, ఈ పుల్లకాళ్లతో నేనే తొక్కాను. బస్తా, నేను కలిస్తే నీకంటే బరువే. అయినా పడవ జానెడు ఎత్తు లేచింది. గంతులు వేయాల్సినవాణ్ణి, ఒడ్డున తల పట్టుకుని కూర్చున్నాను.

అక్కకి చెప్పొద్దని రాద్దామనుకున్నాను. కానీ చెప్పకపోతే తను నీకు మళ్లీ కంచం నిండా వడ్డించదు. చెప్పెయ్. తిట్లు నేను తింటాను, నువ్వు అన్నం తిను.

నీ బామ్మర్ది